పేరు తెలియని సరుకు

విజయవాడ నుండి ఏలూరు వెళ్ళే రహదారి మీద సుమారు 40 కిలోమీటర్లు సాగిన తరువాత నాలుగు దారులు కలిసే కూడలి ఒకటి వస్తుంది. ఒక దారి విజయవాడకు, ఒకటి ఏలూరుకు, ఒకటి నూజివీడుకు, మరొకటి గుడివాడకు. ఆ కూడలిలో ఆంజనేయస్వామి కోవెల వున్నది. స్వామి పేరే ఊరి పేరైంది. హనుమాన్ జంక్షన్ అంటే కోస్తా జిల్లాలలో బస్సెక్కిన వారికి గాని, లారీ తోలేవారికి గాని వేరే పరిచయం అక్కరలేదు. ఎంత వేగంగా పోయే డ్రైవరైనా అక్కడికి వచ్చేసరికి స్టీరింగు మీదినుంచి ఒక చేయి తీసి స్వామికి నమస్కరించి మరీ ముందుకు పోతాడు.

ఆ కూడలిలో ఒక గంటసేపు నిలబడి చూస్తే చాలు, కృష్ణా డెల్టా బ్రతుకంతా కళ్ళముందు నడిచిపోతుంది. నూజివీడు మామిడిపళ్ళు, గుడివాడ వైపు ధాన్యపు బస్తాలు, కైకలూరు చెరువుల చేపలు, వాటికి వేసే మేత, చెరువులలో చల్లే బ్లీచింగు పౌడరు, ఐసు ఫ్యాక్టరీలకు పోయే అమ్మోనియా, పంచాయతీల మంచినీటి పథకాలకు పోయే క్లోరిన్, కొండపల్లి నిల్వ కేంద్రాల నుండి బయలుదేరిన పెట్రోలు ట్యాంకర్లు, విశాఖపట్నం నుండి చెన్నపట్నం వైపు సాగే ఆమ్లపు ట్యాంకర్లు. పెద్ద బండ్లలో చాలా భాగం ఇప్పుడు ఊరి పక్కగా వేసిన బైపాసు మీదుగా పోతున్నవి. అయినా జంక్షను జంక్షనే. వీటిలో కొన్ని మనకు అన్నం పెట్టేవి. కొన్ని అదను తప్పితే ఊపిరి తీసేవి. రెండూ ఒకే రంగు టార్పాలిను క్రింద, ఒకే రోడ్డు మీద ప్రయాణం చేస్తాయి. ఏది ఏదో తెలియడం ఎలా అన్నదే ఈనాటి నా ప్రసంగ విషయం.

ఆ స్వామి కథలోనే ఈ ప్రశ్న వున్నది. లక్ష్మణుడు మూర్ఛపోయినప్పుడు సంజీవని తెమ్మని హనుమంతుని పంపారు. ఆయన పర్వతం మీదికి వెళ్ళాడు. అక్కడ ఎన్నో మూలికలు. ఏది సంజీవనియో గుర్తు పట్టలేకపోయాడు. అంతటి బలశాలి గనుక పర్వతాన్నే పెకలించి తెచ్చాడు. గుర్తు తెలియని లోటును బలంతో పూడ్చుకున్నాడన్నమాట. మోసుకొచ్చింది ఔషధం గనుక కథ సుఖాంతమైంది. మన లారీ డ్రైవరుకు అంత బలం లేదు. అతడు మోసుకుపోయేది అన్నివేళలా ఔషధమూ కాదు.

కొన్నేళ్ళ క్రిందట నేను ఏలూరు నుండి తిరిగి వస్తూ జంక్షనులో టీ త్రాగడానికి ఆగాను. చీకటి పడే వేళ. సన్నగా తుంపర పడుతున్నది. దుకాణానికి పదిగజాల దూరంలో ఒక లారీ ఆగి వున్నది. వెనుక వైపు టార్పాలిను క్రిందినుంచి తెల్లని పొగవంటిది సన్నని పాయగా పైకి లేస్తున్నది. ముక్కుకు ఘాటైన వాసన తగిలి, కళ్ళు మండసాగినవి. నిప్పు అంటుకున్నదేమోనని టీ దుకాణదారు బక్కెట్టుతో నీళ్ళు పట్టుకొని పరుగెత్తాడు. క్యాబిన్లోనుంచి దూకిన డ్రైవరు రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

“నీళ్ళు పోయొద్దండీ! నీళ్ళు తగలకూడదన్నారండీ!”

“ఏం లోడు?” అన్నాడు అక్కడే వున్న కానిస్టేబులు.

“కెమికల్ అండీ.”

“ఏం కెమికల్?”

“ఏమోనండీ. డ్రమ్ములు ఎక్కించారు, పట్టా గట్టిగా కట్టమన్నారు. అంతే చెప్పారండీ.”

బిల్లు తీసి చూపించాడు. దానిమీద ‘రసాయనములు, ఇన్ని డ్రమ్ములు’ అని మాత్రమే వున్నది. బండి వెనుక ఏదో పలక వున్న మాట నిజమే. బురద కొట్టి, పాత రంగు మీద కొత్త రంగు పడి, ఒక్క అక్షరమూ చదవడానికి వీలు లేదు. చుట్టూ ఇరవైమందిమి నిలబడ్డాము. చదువుకున్నవాడినని నేనూ నిలబడ్డాను. ఎవరికి ఫోను చేయాలో, దగ్గరకు వెళ్ళాలో దూరంగా పారిపోవాలో మాలో ఒక్కరికీ తెలియదు. చివరకు వాన ఆగింది. డ్రైవరూ క్లీనరూ మొగాలకు తువ్వాళ్ళు చుట్టుకొని, జారిన టార్పాలిను సరిచేసి, తడిసిన డ్రమ్మును వేరుచేసి కప్పారు. పొగ తగ్గింది. బండి వెళ్ళిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ బక్కెట్టు నీళ్ళు పడివుంటే ఏమై వుండేదన్న ప్రశ్న ఒకటి. ఆ డ్రైవరుకు చెవిన పడిన ఆ ఒక్క ముక్క కూడా పడకుండా వుంటే ఏమై వుండేదన్నది రెండవది.

నిప్పుకు నీళ్ళు విరుగుడని మనం పసితనంలోనే నేర్చుకున్నాము. అన్ని ప్రమాదాలకూ ఒకే విరుగుడు వుంటే వర్గీకరణ అవసరమే వుండేది కాదు. అమ్మోనియా కారుతుంటే సన్నని నీటి జల్లు ఆ ఆవిరిని అణచగలదు. అదే నీరు కాల్షియం కార్బైడు మీద పడితే మండే వాయువు పుడుతుంది. పెట్రోలు మంట మీద నీళ్ళ ధార కొడితే పెట్రోలు నీటిపైన తేలి మంటను ఇంకా దూరానికి తీసుకుపోతుంది. అక్కడ నురుగు కావాలి. వంటగ్యాసు గాలికంటే బరువైనది. పల్లానికి, మురుగు కాలువలోకి పారుతుంది. కనుక పల్లంలో నిలబడరాదు. ఒకచోట ప్రాణం నిలిపే పని మరొకచోట ప్రాణం తీస్తుంది. ఇందువల్లనే సరుకు పేరు ముందుగా తెలియాలి.

ఈ పాఠాన్ని మన దేశం చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1944 ఏప్రిల్ 14వ తేదీన బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికైన్ అనే ఓడ ప్రేలిపోయింది. అందులో దాదాపు 1,400 టన్నుల ప్రేలుడు సామగ్రి వున్నది. దారిలో కరాచీ రేవులో ప్రత్తి బేళ్ళు ఎక్కించారు. కందెన నూనె పీపాలు, కలప కూడా ఎక్కించారు. ఇవి ఒక్కొక్కటీ విడిగా రేవు చేరివుంటే బహుశా ఏ కథా లేదు. రాజుకొనే ప్రత్తి, మండే నూనె, ప్రేలే మందు ఒకే కడుపులో పెట్టడం వల్ల వందలాదిమంది మరణించారు, రేవు ధ్వంసమైంది. ప్రేలుడు సామగ్రి వున్న ఓడ ఎర్రజెండా ఎగురవేయాలి. ఆనాడు ఆ ఓడ మీద ఎర్రజెండా ఎగురలేదు. ఏది దేనితో కలిసి ప్రయాణం చేయరాదు, లోపల వున్నదానికి బయట గుర్తు ఏమిటి అన్న రెండు ప్రశ్నలూ ఆ ఒక్క మధ్యాహ్నంలో ఇమిడి వున్నవి.

యుద్ధం ముగిసిన తరువాత సరుకులు దేశదేశాలు తిరగడం మరింత పెరిగింది. ఒక దేశపు రైలు గుర్తు మరొక దేశపు ఓడకు తెలియదు. ఓడ గుర్తు విమానానికి తెలియదు. 1953లో ఐక్యరాజ్య సమితి ఆర్థిక సాంఘిక మండలి నిపుణుల సంఘాన్ని ఒకదానిని ఏర్పాటు చేసింది. ఆ సంఘపు మొదటి సిఫారసులు 1956లో వెలువడినవి. అట్ట రంగును బట్టి ఆ గ్రంథాన్ని ‘నారింజ పుస్తకం’ అంటారు. రెండేళ్ళకొకసారి దానిని సవరిస్తూ వుంటారు. ప్రమాదకరమైన సరుకులన్నిటినీ అది 9 వర్గాలుగా విభజించింది. మూడువేలకు పైగా పద్దులకు నాలుగంకెల సంఖ్యలు ఇచ్చింది. పెట్రోలు 1203. క్లోరిన్ 1017. అమ్మోనియా 1005. గంధకామ్లం 1830. తెలుగువాడు చదివినా, జపానువాడు చదివినా 1203 అంటే పెట్రోలే. భాష రానివారు సైతం చదువగల పేరు అది.

ఇక ఆ తొమ్మిది వర్గాలను పాఠ్యపుస్తకంలోవలె ఏకరువు పెట్టడం కంటే జంక్షనులో నిలబడి వచ్చే బండ్లలోనే చూద్దాము. ఒక మాట ముందుగా చెప్పాలి. ఒకటి అనగా అన్నిటికంటె ప్రమాదకరమైనది, తొమ్మిది అనగా తేలికైనది అని అర్థం కాదు. ఆ అంకెలు ప్రమాదం యొక్క జాతిని చెబుతాయేగాని తీవ్రతను కాదు.

మొదటి వర్గం ప్రేలుడు పదార్థాలు. క్వారీలకు పోయే మందుగుండు, దీపావళికి వచ్చే బాణసంచా ఈ కోవలోనివి. రెండవది వాయువులు. ఇందులో మూడు ఉపవర్గాలు: వంటగ్యాసు వలె మండేవి, నత్రజని వలె మండనివీ విషం కానివీ, క్లోరిన్ అమ్మోనియాల వలె విషమైనవి. మన డెల్టాలో చేపలూ రొయ్యలూ ఐసు లేక కదలవు. అనేక ఐసు ఫ్యాక్టరీలు అమ్మోనియాతో నడుస్తాయి. క్లోరిన్ గాలికంటె రెండున్నర రెట్లు బరువు. నేలను అంటిపెట్టుకొని ప్రాకుతుంది. దానికి విష లక్షణంతోపాటు ఇతర వస్తువుల మంటను రెచ్చగొట్టే లక్షణం, కండను తినివేసే లక్షణం కూడా వున్నవి. అందువల్ల దానికి ఒక ముఖ్యవర్గమూ, వెంట రెండు అనుబంధ ప్రమాదాలూ వ్రాస్తారు.

మూడవ వర్గం మండే ద్రవాలు. ఇక్కడ ఫ్లాష్ పాయింటు అనే కొలత వున్నది. ద్రవం పైనుండి లేచే ఆవిరి, నిప్పు చూపగానే క్షణకాలం అంటుకొనేందుకు కావలసిన కనీసపు వేడి అది. పెట్రోలుకు అది సున్నకు దిగువన 40 సెంటిగ్రేడు డిగ్రీల ప్రాంతం. అనగా మన మాఘమాసపు చలిలో కూడా పెట్రోలు ఎల్లవేళలా అంటుకోవడానికి సిద్ధంగానే వుంటుంది. మన దేశంలో అమ్మే కిరోసినుకు అది 35 డిగ్రీలకు తగ్గరాదని నియమం. ఇంట్లో గుడ్డిదీపంలో కిరోసిను పోశారుగాని పెట్రోలు పోయలేదంటే కారణం ఇదే. మన 1934 నాటి పెట్రోలియం చట్టం ఈ కొలతను పట్టుకొనే పెట్రోలును ‘ఎ’ తరగతిలోను, కిరోసినును, డీజిలును ‘బి’ తరగతిలోను పెట్టింది. ఈ సందర్భంలో ఒక భ్రమను తొలగించాలి. ‘ట్యాంకరు ఖాళీదే, భయం లేదు’ అనడం పరిపాటి. ఖాళీ ట్యాంకరులో పెట్రోలు లేదుగాని పెట్రోలు ఆవిరి వున్నది. గాలిలో ఆ ఆవిరి నూటికి ఒకటిన్నర నుండి ఏడున్నర పాళ్ళ వరకు వున్నప్పుడే ప్రేలుతుంది. నిండు ట్యాంకరులో గాలికి చోటు తక్కువ; ఖాళీదానిలో ఆ పాకం చక్కగా కుదురుతుంది. కడిగి శుద్ధి చేయనంతవరకు ఖాళీ పీపాకు కూడా నిండు పీపా గుర్తులే వుండాలి.

నాలుగవ వర్గం మండే ఘనపదార్థాలు. మనకు మిక్కిలి చేరువైన వర్గమిది. అగ్గిపెట్టె దీనిలోనిదే. తమంతట తాము వేడెక్కి రాజుకొనేవి ఒక ఉపవర్గం. ఆ జాబితాలో కొబ్బరి వున్నదంటే కోనసీమవారు ఆశ్చర్యపోవచ్చు. ఎండుకొబ్బరి సంఖ్య 1363. తేమ తగిలి కుప్పగా పడివున్న కొబ్బరిలోని నూనె గాలితో కలిసి లోలోపల వేడెక్కుతుంది. చేపల పొడి కూడా అంతే. తగిన మందు కలిపి నిలకడ చేస్తే దానిది తొమ్మిదవ వర్గం, సంఖ్య 2216. చేయకపోతే నాలుగవ వర్గం, సంఖ్య 1374. చూడడానికి ఒకే పొడి, ఒకే వాసన. చేసిన పనిని బట్టి వర్గం మారుతుంది. ఆ పని చేసినవారు చెబితే తప్ప మోసేవారికి తెలియదు.

నీరు తగిలితే మండే వాయువును విడిచేవి మరొక ఉపవర్గం. కాల్షియం కార్బైడు, సంఖ్య 1402. వెల్డింగు పనివారికి అది అవసరం. మామిడికాయలను ముగ్గబెట్టడానికి దానిని వాడరాదని ఆహార భద్రతా నిబంధనలు నిషేధించినవి. అయినా పళ్ళ కాలంలో దొంగచాటుగా వాడేవారు అక్కడక్కడ పట్టుబడుతూనే వున్నారు. దొంగచాటుగా పోయే సరుకుకు గుర్తు వుండదుగదా! పేపరు పొట్లాలలో, గడ్డి నడుమ ఎసిటిలీన్ అనే మండే వాయువు విత్తనం నిద్రపోతూ వుంటుంది. మీద వాన పడడమే తరువాయి. తినేవారికి జరిగే హాని మనకు తెలుసు. మోసేవారికి జరగగల హానిని ఎవరూ లెక్కపెట్టరు.

అయిదవ వర్గం తాము మండకుండా ఇతరులను మండించేవి. చెరువులకు చల్లే బ్లీచింగు పౌడరు ఈ వర్గంలోనిది. దానిమీద నూనె ఒలికితే వేడి పుడుతుంది; ఆమ్లం ఒలికితే క్లోరిన్ లేస్తుంది. అమ్మోనియం నైట్రేటు కూడా ఈ వర్గమే. దానిని యూరియాను ప్రక్కప్రక్కన పోస్తే కంటికి రెండూ తెల్లని గుళికలే. యూరియా ఈ తొమ్మిది వర్గాలలో దేనిలోనూ లేదు. రెండవది 2020 ఆగస్టు 4వ తేదీన బేరూత్ రేవులో 2,750 టన్నుల మేర ప్రేలి రెండువందల మందికి పైగా పొట్టన పెట్టుకున్నది. కన్ను చెప్పలేని భేదాన్ని కాగితం చెప్పాలి. కాగితం అబద్ధమాడితే ఇక చెప్పేవారు లేరు.

మిగిలిన వర్గాలను త్వరగా చెబుతాను. ఆరవది విషాలు, అంటువ్యాధులు కలిగించే ద్రవ్యాలు. మన పొలాలలో కొట్టే పురుగుమందులు అనేకం ఇందులోనివి. ఏడవది రేడియోధార్మిక పదార్థాలు. ఎనిమిదవది కండను, లోహాన్ని తినివేసే ఆమ్లాలు, క్షారాలు. తొమ్మిదవది ఈ ఎనిమిదింటిలో ఒదగనివి. మన జేబులలోని ఫోన్లకు ప్రాణమైన లిథియం బ్యాటరీలు ఇందులో వున్నవి.

ఈ వర్గాన్ని నిర్ణయించేదెవరు? లారీవాడు కాదు, ట్రాన్సుపోర్టు ఆఫీసు గుమాస్తా కాదు, రోడ్డు మీద ఆపే కానిస్టేబులు అంతకంటే కాదు. సరుకు పంపేవారే నిర్ణయించాలి. పేరు జాబితాలో వుంటే ఆ పేరు, సంఖ్య వ్రాయాలి. మిశ్రమమైతే పరీక్షలు జరిపించి, ఎంత వేడిలో అంటుకొంటుంది, ఎంత మోతాదులో చంపుతుంది, చర్మాన్ని ఎంతసేపటిలో తింటుంది అని కొలిపించాలి. రెండు మూడు గుణాలుంటే ఏది ముఖ్యమో, ఏది అనుబంధమో చెప్పడానికి పట్టిక వున్నది. ఆ పైన, చాలా వర్గాలలో ప్రమాదపు తీవ్రతను బట్టి మూడు ప్యాకింగు తరగతులున్నవి. డ్రమ్ము ఎంత దిట్టంగా వుండాలో అవి చెబుతాయి. గొలుసులో మొదటి కొక్కెం ఇదే. ఇక్కడ తప్పు జరిగితే తరువాతి వారందరూ ఎంత బుద్ధిమంతులైనా ఆ తప్పునే జాగ్రత్తగా మోసుకుపోతారు.

మన దేశపు 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 129 నుండి 137 వరకు వున్నవి దీనికి సంబంధించినవే. సరుకు పంపేవారు పూర్తి సమాచారం ఇవ్వాలి. బండి యజమాని ఆ సమాచారం సరిగా, చాలినంతగా వున్నదో లేదో చూచుకోవాలి. అత్యవసర సమాచార పత్రం డ్రైవరు క్యాబిన్లో వుండాలి. బండికి రెండు ప్రక్కలా, వెనుకా మూడుచోట్ల సమాచార ఫలకం వుండాలి. దానిమీద సరుకు సరియైన పేరు 50 మిల్లీమీటర్లకు తగ్గని అక్షరాలలో, వర్గ సంఖ్య 100 మిల్లీమీటర్లకు తగ్గని అంకెలలో, వర్గపు గుర్తు 250 మిల్లీమీటర్ల చదరంలో వుండాలి. ప్రమాదం జరిగితే పిలవవలసిన ఫోను సంఖ్యలు వుండాలి. డ్రైవరు మూడు రోజుల ప్రత్యేక శిక్షణ పొందాలి; రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఒక భాషనూ, ఇంగ్లీషునూ చదవడం, వ్రాయడం తెలిసి వుండాలి. కాగితం మీద లోటు లేదు. బురద క్రింద దాగిన పలక మీదనే లోటంతా.

పేరు తప్పితే ఏమవుతుందో చెప్పడానికి మూడు ఉదాహరణలు చాలు. మొదటిది దూరదేశానిది. 1996 మే 11వ తేదీన అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక విమానం మంటలలో కూలి 110 మంది మరణించారు. దాని సామాను గదిలో ప్రాణవాయువును పుట్టించే పాత డబ్బాలున్నవి. కాగితం మీద అవి ‘ఖాళీవి’ అని వ్రాసి వున్నది. అవి ఖాళీవి కావు.

రెండవది మన గడ్డ మీదిది. 2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ గ్యాసు గొట్టం పగిలి మంటలు లేచినవి. ఇరవైమందికి పైగా మరణించారు. కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయినవి. ఆ గొట్టం తాటిపాక నుండి మన విజయవాడ ప్రక్కనున్న కొండపల్లి వైపు వచ్చేది. నీరు లేని పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో నీరూ, గ్యాసులోని ద్రవాంశాలూ కలిసిన తడి గ్యాసు ప్రవహించిందనీ, లోపలి నుండి లోహం తినివేయబడిందనీ విచారణలో తేలింది. పొడి, తడి అన్న రెండు చిన్న మాటల మధ్య భేదం అది. గొట్టమైనా, లారీ అయినా, మోసేదానికి తాను మోస్తున్నదేమిటో నిజం చెప్పవలసిందే.

మూడవది నిన్నమొన్నటిది. 2025 అక్టోబరు 24వ తేదీన కర్నూలు సమీపాన చిన్నటేకూరు వద్ద హైదరాబాదు నుండి బెంగుళూరు పోయే బస్సు దగ్ధమై ఇరవైమంది దాకా మరణించారు. బస్సు ఢీకొన్న మోటారు సైకిలుతో మంట మొదలైంది. బస్సు సామాన్ల అరలో వందలకొద్దీ కొత్త సెల్ ఫోన్ల పార్సెలు వున్నదనీ, వాటి బ్యాటరీలు మంటను తీవ్రం చేసినవనీ పరిశీలించినవారు చెప్పారు. పైన నిద్రిస్తున్న ప్రయాణికులకు తమ మంచం క్రింద తొమ్మిదవ వర్గం ప్రయాణం చేస్తున్నదని ఎవరు చెప్పారు?

సరుకు పంపేవారు నిజం ఎందుకు దాస్తారు? కొందరికి తెలియక. కొందరికి కిరాయి ఎక్కువవుతుందని. ‘ప్రమాదకరం’ అని వ్రాస్తే శిక్షణ పొందిన డ్రైవరు కావాలి, తగిన బండి కావాలి, వేరే సరుకుతో కలిపి పంపడానికి వీలులేదు. ‘రసాయనములు’ అని ఒక్క మాట వ్రాస్తే ఇవన్నీ తప్పుతాయి. ఆ మిగిలిన డబ్బు పంపినవారి జేబులోనే వుంటుంది. దాని మూల్యాన్ని మాత్రం అర్ధరాత్రి ఏదో మలుపులో డ్రైవరు, క్లీనరు, టీ దుకాణదారు చెల్లిస్తారు. వీరిలో ఒక్కరూ ఆ సరుకు కొన్నవారు కాదు, అమ్మినవారు కాదు.

మరి దారిన పోయే మనం చేయగలిగినదేమిటి? కొద్దిగా వున్నది. బండి వెనుక సమచతురస్రాన్ని మూల మీద నిలబెట్టినట్లు కనబడే గుర్తును చూడడం అలవాటు చేసుకుందాము. ఎరుపు మండేది. తెలుపు మీద పుర్రె విషం. పసుపు మంటను రెచ్చగొట్టేది. నీలం నీరు తగలరానిది. సగం తెలుపు, సగం నలుపు ఆమ్లం. ట్యాంకర్ల ఫలకం మీద ఒక అంకె, అక్షరాలు కలిసిన చిన్న సంకేతం కూడా వుంటుంది. అది అగ్నిమాపక దళానికి: 1 అంటే ముతక జల్లు, 2 అంటే సన్నని జల్లు, 3 అంటే నురుగు, 4 అంటే నీరు కూడదు, పొడి పదార్థమే. చివర ఇంగ్లీషు ‘ఇ’ అక్షరం వుంటే చుట్టుప్రక్కల ప్రజలను తరలించే సంగతి ఆలోచించాలని హెచ్చరిక. ప్రమాదం జరిగితే గాలి వచ్చే దిక్కుగా, మెరకగా, దూరంగా వెళ్ళి 112కు గాని 101కి గాని ఫోను చేయండి. పలక మీది నాలుగంకెలు దూరం నుండి కనబడితే చెప్పండి. వాటికోసం దగ్గరకు వెళ్ళవద్దు. ట్యాంకరు బోల్తాపడితే బిందెలతో పెట్రోలు పట్టుకోవడానికి పరుగెత్తేవారిని ఆపండి. ఆ బిందెలో పడేది ఉచితంగా వచ్చిన నూనె కాదు, ఇంటికి తీసుకుపోయే చిచ్చు.

సరుకు పంపేవారికి నా విన్నపం ఇంకా చిన్నది. మీ గోడౌను గుమాస్తా ‘రసాయనములు’ అని వ్రాయబోతున్నప్పుడు ఒక్క క్షణం ఆపండి. దాని నిజమైన పేరు, నాలుగంకెల సంఖ్య, వర్గం వ్రాయించండి. డ్రైవరును పిలిచి అతని భాషలో రెండు మాటలు చెప్పండి: ఇది ఏమిటి, దీనికి ఏది పడదు. ఆ రెండు మాటలకు అయిదు నిమిషాలు పట్టవు.

ఆ సాయంకాలం జంక్షనులో ఒక డ్రైవరు రెండు చేతులు అడ్డం పెట్టి బక్కెట్టు నీళ్ళను ఆపాడని చెప్పాను. అతనికి సరుకు పేరు తెలియదు, వర్గం తెలియదు, సంఖ్య తెలియదు. లోడు ఎక్కించేటప్పుడు ఏ హమాలీయో, ఏ మేస్త్రీయో మాటవరుసకు అన్న ‘నీళ్ళు తగలకూడదు’ అన్న ముక్క ఒక్కటే తెలుసు. ఆ ముక్కే ఆనాడు మా ఇరవైమందినీ కాపాడింది. నిబంధనల పుస్తకాలలో వందల పుటలు వ్రాసినది ఆ ముక్క యాదృచ్ఛికంగా కాక, ప్రతి లోడుకూ, ప్రతి డ్రైవరుకూ తప్పక అందడం కోసమే.

హనుమంతుడు మూలిక గుర్తు తెలియక కొండను మోశాడు. ఆ కూడలిలో ఆయనకు నమస్కరించి పోయే డ్రైవరుకు కొండను మోసే బలాన్ని ఎవరూ ఇవ్వలేరు. మోస్తున్నదాని గుర్తును మాత్రం మనం ఇవ్వగలము.